రాజలింగన్న, దొర కారు, దుబాయి స్టీరియో

మొన్న కరీంనగర్‌లో మా షాపు ముందు ఆగిన ఒక కారులోంచి కాలిన తీగ వాసన వచ్చింది. మొదట ప్లాస్టిక్ మాడిన కంపు, దాని వెనకే మాడిన బెల్లంలాంటి ఇంకో వాసన. కారు యజమాని ముక్కు మూసుకుని దూరం జరిగాడు. నేను మాత్రం పొయ్యి మీది కూర ఉప్పు చూసేవాడిలా బానెట్ మీదికి వంగి రెండుసార్లు గట్టిగా పీల్చాను. ఆయన నన్ను అనుమానంగా చూశాడు. ఆయన తప్పేం లేదు. ఆ వాసన తగిలినప్పుడల్లా నేను కరీంనగర్‌లో ఉండను, మంచిర్యాల స్టేషన్ రోడ్డులో రాజలింగన్న ముందు తల వంచుకుని నిలబడి ఉంటాను.

నా గురించి ఒక మాట చెప్పాలి. నేను కోతలరాయుడినని మా వాళ్లందరికీ తెలుసు. గోదావరిలో నేను పట్టిన చేప ఏడాదికో జానెడు పెరుగుతూ వస్తోంది. రాజలింగన్న దగ్గర పని అడగడానికి పోయిన రోజు కూడా అంతే. అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు, పెళ్లయింది, కాగజ్‌నగర్‌లో చేసే పని పోయింది. ఏమేం వచ్చని అడిగితే, ఒక మంత్రిగారి కారుకు నేను పెట్టిన రేడియోలో లండన్ వార్తలే కాదు, వార్తలు చదివేవాడు మధ్యలో మంచినీళ్లు తాగిన గుటక కూడా వినిపించేదని చెప్పాను. ఆయన చేతిలో పని ఆపి మొత్తం విన్నాడు. పొట్టి మనిషి, నవ్వితే మీసం ఒక పక్కకే లేచేది.

"మంచిగ చెప్పినవ్. జనంతోని ఎంతైనా చెప్పు, పొద్దువోతది. గీ బల్ల కాడ మాత్రం చూసింది చూసిన అను, చూడంది చూడలే అను. గంతే" అన్నాడు. మరునాటి నుంచి రమ్మన్నాడు.

ఆ షాపులో రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసేవాళ్లం. పెళ్లిళ్లకు మైకు సెట్లు ఇచ్చేవాళ్లం, లారీలకు, జీపులకు పాటల పెట్టెలు బిగించేవాళ్లం. అంతకుముందు రాజలింగన్న బొగ్గు బాయిలో, అంటే గనిలో, కరెంటు పని చేసేవాడట. నలభై నిండకుండానే ఆ ఉద్యోగం వదిలేశాడు. ఎందుకు వదిలాడో ఎవరూ అడిగేవాళ్లు కాదు, ఆయనా చెప్పేవాడు కాదు. ఆయనకు ఒక అలవాటు ఉండేది. ఏ బండి వచ్చినా పానా చేతికి తీసుకోకముందే దాన్ని కడిగే మనిషి ఎవరో కనుక్కునేవాడు. లారీ అయితే క్లీనరు, జీపయితే డ్రైవరు. ఆ మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, బండి సంగతులు అడిగేవాడు. యజమాని సీటు వరకే చూస్తాడని, బట్టపేలిక పట్టినవాడి చెయ్యి మూలమూలకూ పోయి ఉంటుందని ఆయన లెక్క. నాకది చాయ్ దండగలా అనిపించేది.

ఎనభైల నడుమ ఒక ఎండాకాలం, బుధవారం పొద్దున, దొర కారు వచ్చింది. దాని పొడవు చెప్పమంటారా? ముందు చక్రాలు మా షాపు ముందు ఆగినప్పుడు డిక్కీ ఇంకా రైల్వే గేటు దాటలేదు. నల్లటి విదేశీ కారు, లోపల తోలు సీట్లు, ముందు భాగమంతా నున్నటి చెక్క, ఆ చెక్క నడుమ దంతం రంగు బొత్తాలు ఐదు ఉన్న రేడియో. కారుతోపాటే వచ్చిన ఆ రేడియో ఎన్నడో మూగబోయింది. లక్సెట్టిపేట దిక్కు ఒక ఊరి దొర ఆ కారుకు యజమాని. ఆయన కోటలాంటి తన గడీకి తాళం వేసి హైదరాబాదు పోయాడు, కారు కొట్టంలో ఉండిపోయింది. దాన్ని కొన్నవాడు ఓదెలు. దుబాయిలో ఇళ్లకు సెంట్రింగు కొట్టే పని అతనిది. ఓదెలు తండ్రి పోశయ్య ఆ గడీలో ఇరవై రెండేళ్లు జీతమున్నాడు, అంటే పాలేరుగా చేశాడు. రోజూ పొద్దున్నే ఆ కారు కడిగేవాడు, గేటు తీసేవాడు, తలుపు తీసి పట్టుకునేవాడు. ఒక్కనాడూ అందులో కూర్చోలేదు.

ఓదెలు దుబాయి నుంచి తెచ్చిన కొత్త క్యాసెట్ స్టీరియోను పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. "బాపును ఎనుక సీట్ల కూసోవెట్టి, పాటలు వెట్టి, గడి ముంగట్నుంచి తీస్కవోవాలె అన్నా. శుక్రారం పొద్దుగాల్ల పోవాలె. శనారం నేను దుబాయికి ఎల్లిపోత. మల్ల మూడేండ్లకు గాని రాను. అప్పటిదాంక బాపు ఉంటడో, ఉండడో" అన్నాడు.

రాజలింగన్న ఆ రోజే మైకు సెట్టు తీసుకుని ఆసిఫాబాద్ పోవాలి, మళ్లీ వచ్చేది గురువారం మధ్యాహ్నం. పోతూ పోతూ నాకు పని అప్పజెప్పాడు. ఆ చెక్క కొయ్యవద్దు, స్టీరియోను కింద ఇనుప పట్టీకి వేలాడదియ్యమన్నాడు. ముందుగా, ఓదెలు వెంట వచ్చిన పోశయ్యకు చాయ్ తాపించి కారు సంగతి అడగమన్నాడు. "అడిగిన అన్నా, అంతా చూసిన" అన్నాను. అప్పటికి నేను పోశయ్య ముఖం కూడా సరిగ్గా చూడలేదు.

పాత రేడియో ఊడదీశాను. గుమ్మడికాయంత బరువుంది. పట్టీ బిగించి స్టీరియో వేలాడదీశాను. పోశయ్య ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, కారు ఇంకా దొరదే అయినట్టు, భుజం మీది తువ్వాలతో చక్రం బిళ్ల తుడుస్తున్నాడు. నేను స్టీరియో నల్లతీగను కారు బాడీకి కలపబోతుంటే లేచి వచ్చాడు. "బిడ్డా, గా తీగ..." అన్నాడు. "తాతా, జర జరుగు, ఎల్తురు అడ్డమొస్తున్నది" అన్నాను. జరిగాడు.

నేను అప్పటిదాకా చూసిన బండ్లన్నింటికీ బ్యాటరీ మైనస్ తీగే బాడీకి ఉంటుంది, కాబట్టి నల్లతీగ బాడీకి పెట్టడమే నాకు తెలిసిన విద్య. స్విచ్చి వేశాను. ఫ్యూజు పోయింది. ఇంకోటి పెట్టాను, అదీ పోయింది. ఆగి ఆలోచించవలసింది అక్కడే. నేనేం చేశానంటే, ఫ్యూజులే నకిలీవని తీర్మానించుకుని, వాటి జాగాలో మందపాటి రాగితీగ మెలితిప్పి పెట్టాను. ఈసారి స్టీరియోలో లైటు వెలిగింది. నేను మురిసిపోతుండగానే క్యాసెట్ పెట్టే సందులోంచి సన్నగా పొగ వచ్చింది. వెంటనే మాడిన బెల్లం వాసన.

ఓదెలుకు ఏం చెప్పానో రాయడానికి నాకు ఇప్పుడు కూడా సిగ్గుగా ఉంది. సామాన్లోనే లోపం ఉందని, దుబాయి ఎండలకు లోపల కరిగిపోయి ఉంటుందని చెప్పాను. అతను నామీద గరం అయితే బాగుండేది. కాలేదు. స్టీరియోను అటూ ఇటూ తిప్పి చూసుకుని, మెల్లగా, "నాకే సమజ్ కాలే అన్నా. షాపుల పెద్దది చూసి తీస్కున్న. సదువుకున్నోడైతే మంచిది చూసి తెచ్చేటోడు" అన్నాడు. ఆ మాట విని కూడా నోరు విప్పలేదు నేను.

మరునాడు మధ్యాహ్నం రాజలింగన్న బస్సు దిగి వచ్చాడు. గడప దగ్గరే ఆగి వాసన చూశాడు. నేను దుబాయి ఎండల కథ ఎత్తుకున్నాను. సగంలోనే, "బ్యాటరీ చూసినవా?" అన్నాడు. చూసినానన్నాను. ఆయన పోయి బానెట్ ఎత్తాడు. ఆ కారులో అంతా తలకిందులు. ప్లస్ తీగ, చిటికెన వేలంత మందం ఎర్రతీగ, బాడీకి బోల్టుతో బిగించి ఉంది. చూడాలని చూస్తే చాలు, కనబడేది. ఆయన తిట్టలేదు. లోపలికి వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు.

"బాయిల నేను గూడ గట్లనే అన్న" అన్నాడు. "లైను బంద్ ఉన్నది, చూసిన అన్న. చూడలే. నా మాట మీద నాతోని పనిచేసే కొమురయ్య చెయ్యి వెట్టిండు." నేను ధైర్యం చేసి ఆ మనిషి బతికాడా అని అడిగాను. "బతికిండు. కుడి చెయ్యి లేదు. ఇప్పటికీ బజార్ల కనవడితె, రాజలింగం మంచిగున్నవా అని ముందుగాల ఆయనే అడుగుతడు."

లేచి, ఊడదీసిన పాత రేడియోను పక్కకు జరిపి బల్ల ఖాళీ చేశాడు. "పో. ఓదెలుకు నువ్వే చెప్పు. నేను రాను."

ఓదెలు, పోశయ్య బస్టాండు ముందరి హోటల్లో ఉన్నారు. షాపు నుంచి అక్కడికి రెండొందల అడుగులు. ఆ దారిలో నా బుర్రలో పదిహేను కథలు పుట్టాయి. ఒకదాంట్లో కోతి కూడా ఉంది. వాళ్ల బల్ల దగ్గరికి చేరేసరికి ఒక్కటీ మిగలలేదు. "ఓదెలన్నా, నీ సామాను మంచిదే. నేనే కాల్చిన. చూడకుంట చూసిన అన్న" అన్నాను.

అతను చాయ్ సాసరు కింద పెట్టాడు. చెంప మీద పడుతుందనుకుని పళ్లు బిగించాను. "అంటే, నేను తెచ్చింది మంచిదేనా?" అన్నాడు.

"మంచిదే."

అప్పుడు పోశయ్య నావైపు తిరిగాడు. "నాకు ఎరికే గద బిడ్డా. గా కారుకు అన్నీ ఉల్టా. దొర కాడికి కొత్తగ వచ్చిన డ్రైవరు ఒకసారి గట్లనే కాలవెట్టిండు. చెప్పుదామని లేచిన. జరుగు అన్నవ్, జరిగిన." గొంతులో కోపం లేదు. వాతావరణం సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ముగ్గురం షాపుకు వచ్చాక రాజలింగన్న పోశయ్యను స్టూలు మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చాడు. ఇరవై రెండేళ్లలో ఎవరూ అడగనివన్నీ అడిగాడు. వాననీళ్లు ఏ తలుపు కింద దిగుతాయి, ఏ దీపం తీగ ఎలుక కొరికింది, ఎక్కడ ఏ బోల్టు మార్చారు, పోశయ్య అన్నీ చెప్పాడు. చెబుతున్నకొద్దీ ఆయన వీపు నిటారైంది. ఆ తర్వాత స్టీరియో విప్పి చూస్తే లోపల రెండు భాగాలే పోయాయి. ఒకటి మా దగ్గరే ఉంది. రెండోది బొటనవేలి గోరంత ఐసీ, హైదరాబాదు పోతే గాని దొరకదు. అలాంటిదే ఇంకొకటి మంచిర్యాలలో ఎక్కడుందో రాజలింగన్నకు తెలుసు. నన్ను తన ఇంటికి పంపాడు.

వదిన, అంటే రాజలింగన్న భార్య, వాకిట్లో చాట ముందు పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కన టేపు రికార్డరు పాడుతోంది. నేను చెప్పింది విని, పాట అయిపోయేదాకా ఆగి, క్యాసెట్ తీసేసి, టేపు రికార్డరును కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. "పాటలుంటెనే నాకు చేతి ఏళ్లు ఆడుతయి. తీస్కపో. ఊకె పోకు, పొద్దూకినంక వచ్చి ఏమన్న చెప్పు, వినుకుంట చుడుత" అంది. కొత్త ఐసీ దొరికేదాకా రెండు నెలలు, సాయంత్రాలు నేనే ఆమె టేపు రికార్డరునయ్యాను. చేప పెరగడం మొదలైంది ఆ వాకిట్లోనే.

ఐసీ మార్చాక రాజలింగన్న పాత సైకిల్ ట్యూబు కోసి ఇనుప పట్టీకి చుట్టాడు. బోల్టులకూ ఏరియల్ మొదటికీ రబ్బరు బిళ్లలు వేశాడు. స్టీరియో ఒళ్లు కారు ఒంటికి ఎక్కడా తగలకూడదు. ప్రతి బోల్టు బిగించాక నావైపు చూసి, "చూసినవా?" అనేవాడు. నేను వేలు పెట్టి తడిమి చూశాకే చూసినానన్నాను. పొద్దు గూట్లో పడకముందే పాట మోగింది.

శుక్రవారం పొద్దున, గుంతల్లో ఎక్కడైనా తీగ తగులుతుందేమో చూడటానికి మేమిద్దరం కూడా బయల్దేరాం. స్టీరింగు ముందు ఓదెలు, పక్కన రాజలింగన్న, వెనక నేను. పోశయ్య అలవాటుకొద్దీ వచ్చి తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఓదెలు దిగి, తండ్రి చేతిని పిడి మీంచి తీసి, తానే తలుపు పట్టుకున్నాడు. ముసలాయన అరికాళ్లు దులుపుకుని ఎక్కి, సీటు అంచున కూర్చున్నాడు. పాటలు పెద్దగా మోగుతుండగా ఊళ్లోకి పోయాం. అరుగుల మీది జనం లేచి నిలబడి చూశారు. గడీ గోడ మొదలైన చోట పోశయ్య ముందుకు వంగి కొడుకు భుజం తట్టాడు.

"కొడుకా, జర గా పాట బంద్ చెయ్."

"ఎందుకే బాపు? మంచిగ లేదా?"

"మంచిగనే ఉన్నది. గీ ఇంజను సప్పుడు నాకు బయటి నుంచే ఎరుక. లోపల కూసుంటె ఎట్లినవడ్తదో చూస్త."

మూడు రోజుల మా పాట్లు ఒక్క బొత్తంతో ఆగిపోయాయి. గడీ గేటు వచ్చింది, పోయింది. ఆయన అటు చూడనేలేదు. అద్దం ఎత్తించి, కళ్లు మూసుకుని, వెనక్కి ఆనుకుని వింటున్నాడు. గోడ దాటాక కళ్లు తెరిచాడు.

"బయట గంత మోత. లోపల ఏం ఇనవడది కొడుకా. గందుకే మనం మొత్తుకున్నా దొరకు ఇనవడకపోయేది."

రాజలింగన్న అద్దంలోంచి వెనక్కి చూస్తున్నాడు. ఆయన చూసింది పోశయ్యను కాదు, నన్ను.

రాజలింగన్న పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు నా షాపులో మరమ్మతుకు బొమ్మలున్న పుస్తకాలున్నాయి, మీటర్లున్నాయి. అయినా చేతిలో పని చెడినప్పుడు వాటిలో ఏదీ నాకు బదులు మాట్లాడదు. బండి మనిషి ముందుకు నేనే పోవాలి, "నేనే కాల్చిన" అనాలి. ఇన్నేళ్లలో ఆ మాట అనవలసి వచ్చింది నాలుగుసార్లు. మొదటిసారి రెండొందల అడుగులు నడిచాను. నాలుగోసారి ఆ మనిషి మా బల్లకు అవతలే నిలబడి ఉన్నాడు, దూరం మూరెడు కూడా లేదు. ఆ మూరెడు దాటడానికే ఎక్కువసేపు పట్టింది.