మస్తాన్ బాబాయ్ మేడ, మెట్ల మీద చెప్పులు

నిన్న పొద్దున ఫోన్ వచ్చినప్పుడు కొట్లో ఒకావిడ కాలికి ఏడో నంబరు చెప్పు తొడిగి చూస్తున్నాను.

"మస్తాన్ పోయాడురా," అన్నాడు పాలు పోసే సాంబయ్య.

నేను నవ్వాను.

నిజం. నేను ఆటపట్టించినదానికి మస్తాన్ ముసలాడు నా మీద కక్ష తీర్చుకుంటున్నాడనుకున్నా. "సరేలే, లేచాక నాకు ఫోన్ చెయ్యమను," అని పెట్టేశా.

సాంబయ్య మళ్ళీ చేశాడు. ఈసారి ఏడుస్తున్నాడు.

నిద్రలోనే పోయాడట.

ఊరందరినీ ఫూల్స్ చేసి బతికినవాణ్ణి. ఒక్క నిజం నమ్మటానికి నాకు రెండు ఫోన్లు పట్టాయి.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నా. ప్రత్తిపాడు దాటాక మిరప చేల మధ్య పాత పత్తి షావుకారు మేడ ఒకటుంది. ఆ వంశంలో మిగిలినవాళ్ళు దాన్ని ట్రస్టుకి రాసిచ్చి మ్యూజియం చేశారు. పందిరి మంచం, పత్తి తూచిన కాటా, గోడ గడియారం, అన్నీ ఎక్కడివక్కడే. చుట్టూ తోట. గులాబీలు, నందివర్ధనాలు, రెండు సపోటా చెట్లు.

వాచ్‌మన్, తోటమాలి, గైడు, అన్నీ మస్తాన్ బాబాయే. పిన్ని పోయాక తోట చివరి గదిలో ఒక్కడే ఉండేవాడు.

మీలో ఎంతమంది చూశారు ఆ మేడ? చేతులెత్తొద్దు, నాకు తెలుసు. బైకు మీద పోతూ "ఏదో పాత కొంప" అన్న బ్యాచే అంతా.

అక్కడొక రూలుంది. పాత గచ్చు పాడవుతుందని చెప్పులు మెట్ల మీదే విడవాలి. బాబాయ్ తోటలో పని చేసుకుంటూనే మెట్ల మీద జతలు చూసి, లోపల ఎంతమందున్నారో చెప్పేవాడు.

నాదేమో చెప్పుల కొట్టు. కొత్తవి తొడుక్కుని పాతవి నా మొహాన వదిలేసి పోయే మహానుభావులు మీరే కదా. గోతం నిండా ఉంటాయి.

ఒక ఆదివారం ఏడు జతలు తీసుకెళ్ళి మెట్ల మీద పడేసి, క్రోటన్ మొక్కల వెనక నక్కాను.

బాబాయ్ చూశాడు. చేతిలో పైపు అక్కడే వదిలేసి లోపలికి పరిగెత్తాడు. "గడియారం ముట్టుకోకండీ," అంటూ కింది గదులన్నీ, పై గదులన్నీ తిరిగాడు. నేను నోట్లో తువ్వాలు కుక్కుకున్నా.

తర్వాత బయటికొచ్చి సపోటాలు కోశాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి మనిషికొక కాయ ఇచ్చి పంపటం ఆయన అలవాటు. ఏడు కాయలు కండువాలో మూటగట్టుకుని, చిందరవందరగా ఉన్న చెప్పుల్ని జతలుగా సర్ది, మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరో ఒకరు బయటికొస్తారని.

చాలాసేపు కూర్చున్నాడు.

నాకు నవ్వు ఆగిపోయింది. బయటికొచ్చాను. తిడతాడనుకున్నా.

"ఏడుగురొచ్చారనుకున్నాన్రా," అన్నాడు.

అంతే. ఏడు కాయలూ నాకే ఇచ్చాడు.

అప్పట్నుంచి ప్రతి ఆదివారం వెళ్ళేవాణ్ణి. ఆయన చెప్పిందే మళ్ళీ చెప్పేవాడు. నేను అడిగిందే మళ్ళీ అడిగేవాణ్ణి. ఇంటికి పోతే నాతో మాత్రం మాట్లాడేదెవరు? టీవీ.

పోయిన ఎండాకాలం ట్రస్టు మేనేజరు వస్తానన్నాడు. జనం రావటం లేదు, మేడకి తాళం వేసేద్దాం అని ఆయన ఆలోచన.

బాబాయ్ ఫోన్ చేశాడు. "ఒరేయ్, నీ గోతం పట్రా."

అబద్ధం ఆడటం చేతకాని మనిషి. గోతం మొత్తం మెట్ల మీద పరిచాం.

మేనేజరు చూసి ఆశ్చర్యపోయాడు. "ఇంతమందా? ఏరి మరి?"

"తోటలో ఉన్నారండి."

"ఉత్త కాళ్ళతోనా? ఈ ఎండలోనా?"

బాబాయ్ నా వంక చూశాడు. నేను సపోటా చెట్టు వంక చూశాను. పైగా సగం చెప్పులకి పట్టీలే లేవు. చెప్పులు అమ్ముకు బతికేవాణ్ణి, నాకైనా తట్టొద్దూ.

మేనేజరు తన బూట్లు విప్పి వరస చివర పెట్టాడు. "పదండి, నాకు చూపించండి."

ఇద్దరూ గంటసేపు తిరిగారు. వెళ్ళేటప్పుడు ఆయన చేతిలో ఒక సపోటా. "మీరున్నన్నాళ్ళూ తెరిచే ఉంచండి," అన్నాడు.

మీరున్నన్నాళ్ళూ.

నిన్న సాయంత్రం నమాజు అయ్యాక పిన్ని పక్కనే మట్టి ఇచ్చాం. పదిమందిమి కూడా లేం.

అక్కణ్ణుంచి మేడకి వెళ్ళాను. తలుపుకి తాళం. మెట్ల మీద ఆయన చెప్పులు, నా కొట్లోవే. మడమలు అరిగిపోయినా మార్చనన్నాడు. పక్కన నావి విడిచి, గులాబీలకి నీళ్ళు పట్టాను.

మేనేజరుకి ఫోన్ చేసి బతిమాలాను. అవును, నేనే. రేపు ఆదివారం ఒక్కరోజు తెరవటానికి ఒప్పుకున్నాడు. మనుషులొస్తే ఆలోచిస్తాడట. లేకపోతే ఇక తాళమే.

రండి.

మీరు నమ్మరని తెలుసు. ఇన్నేళ్ళు నేను చేసిన వెధవ పనులకి ఇదీ జోకనే అనుకుంటారు. తప్పు మీది కాదు.

గోతం తేవటం లేదు. మెట్ల మీద ఆయన జత, నా జత ఉంటాయి. మిగతాదంతా ఖాళీ.

ఎవరూ రాకపోతే నేనే అన్ని గదులూ తిరిగి, అడిగేవన్నీ అడిగి, తలుపేసి వస్తా.

బాబాయ్, ఇక లేచి ఎవరొచ్చారా అని చూడక్కర్లేదు. పిన్ని పక్కన హాయిగా పడుకో.