అప్పన్న దూడకి కడుపుబ్బరం

ఆ రోజుల్లో మా వీధిలో మనిషికి జ్వరమొస్తే మాత్ర కొనేవాళ్ళం, పశువుకి జబ్బు చేస్తే మాత్రం సలహాలే మందు. పశువుల డాక్టరనే ఆయన ఉంటాడనీ, ఫీజు కూడా పుచ్చుకుంటాడనీ వినడమే తప్ప ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆ గడప తొక్కితే నెల జీతం అక్కడే వదిలి రావాలని మా బావ గట్టిగా చెప్పేవాడు. అప్పటికి నేను పోర్టు ఆఫీసులో కొత్త గుమాస్తాని, ఇంకా ప్రొబేషన్ మీదే ఉన్నాను. జీతంలో మిగిల్చిన డబ్బు రుమాల్లో మూటకట్టి, చేతి గడియారం కోసం ట్రంకు పెట్టె అడుగున దాచుకున్నాను. (ఆఫీసులో ఎవరైనా టైమెంతైందని అడగాలని, నేను చొక్కా చెయ్యి కాస్త పైకి లాగి చెప్పాలని నా కోరిక. ఆ వయసులో నాకు అంతకు మించిన ఆశయాలు లేవు.)

నాకు ఉద్యోగమొస్తే సింహాచలం అప్పన్నకి కోడెదూడనిస్తానని మా అక్క మొక్కుకుంది. బావ తగరపువలస సంతకెళ్ళి ఎర్రటి దూడని తోలుకొచ్చాడు. ఆదివారం కొండకి తీసుకెళ్ళేదాకా పాతటౌన్లో మా ఇంటి వాకిట్లోనే కట్టేశాం. అక్క దాని నుదుట పసుపు కుంకుమ పెట్టి మెడలో గంట కట్టిందో లేదో, అది దూడ కాకుండా పోయింది. ఎవరి పెరట్లో దూరినా అదిలించేవాళ్ళు లేరు. ఆరేసిన చీర చెంగు నమిలితే ఆ చీర గలావిడ అదృష్టమనుకుంది. బావ ఒక్కడే, పోర్టులో క్రేను కింద అరిచి అలవాటైన గొంతుతో, రోజూ వీధంతటికీ వినిపించేలా చెప్పేవాడు. "దీనికెవులూ ఏటీ ఎట్టకండి. గడ్డి, నీల్లు, అంతే."

ఆదివారం పొద్దున్నే లేచి చూస్తే దూడ ఎడమ డొక్క మద్దెలలా ఉబ్బిపోయి ఉంది. కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి, చొంగ కారుస్తూ మూలుగుతోంది. అక్క గుమ్మంలోనే కూలబడింది. "ఒరే, ఇది అప్పన్న సొమ్మురా. దీనికేటైనా అయిపోతే నీ ఉద్యోగం ఉంటాదేట్రా?" అంది. దూడ ప్రాణాన్నీ నా ప్రొబేషన్‌నీ ఒకే పలుపుతో కట్టేసినట్టు తోచింది. ట్రంకు పెట్టె తెరిచి రుమాలు మూట బయటికి తీశాను.

నడిపిస్తే పడిపోయేలా ఉందని రిక్షా పిలిచాం. నేను సీటు మీద, దూడ సగం నా ఒళ్ళో, దాని తల నా భుజం మీద. వెనకాల అక్క, బావ, పక్కింటి కాకినాడ పిన్ని, ఎదురింటి అత్తరు సాయిబు నడిచి వస్తున్నారు. పసుపు మొహం, మెడలో గంట, వెనక జనం చూసి రోడ్డు మీదవాళ్ళు మొక్కు ఊరేగింపనుకున్నారు. మార్కెట్ దగ్గర ఒకాయన విసిరిన పూలదండ నా మెడలో పడింది. ఇంకో ముసలావిడ రిక్షా ఆపించి, దూడ కాలికీ, చూసుకోక నా మోకాలికీ కూడా దణ్ణం పెట్టి, అరటిపండు వలిచి దూడ నోటికి అందించబోయింది. దేవుడి దూడకి వద్దని ఎలా చెప్పను? చప్పున తల ముందుకు చాపి ఆ పండు నేనే తినేశాను. ఆవిడ నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

పశువుల ఆసుపత్రికి ఆదివారం తాళం. అడగ్గా అడగ్గా వెనక వీధిలో డాక్టరు గారి ఇల్లు దొరికింది. ఆయన లుంగీతోనే అరుగు దిగి వచ్చి, దూడ డొక్క మీద వేళ్ళతో కొట్టి చూశారు.

"ఏం పెట్టారు దీనికి?"

"గడ్డేనండి, నీల్లు," అన్నాడు బావ.

"గడ్డికి ఇంత ఉబ్బదు. నిజం చెబితే బతుకుతుంది."

ముందు కాకినాడ పిన్ని కొంగు సర్దుకుంది. "రాత్రి కాస్త పులిహోరండి. అప్పన్నకే పెట్టినట్టుంటుందనుకున్నానండి." సాయిబు గొంతు సవరించుకున్నాడు. "బెల్లం ముక్క, డాక్టర్ సాబ్. చిన్నదే. రోజూ." చివరికి మా అక్క. "నాను... సద్దికూడు. గిన్నెడు."

బావ మండిపడ్డాడు. "ఇందుకే కదా నాను మొత్తుకుంతన్నాను? ఒక్కలైనా ఇన్నారా?"

డాక్టరు గారు రబ్బరు గొట్టం దూడ నోట్లోంచి లోపలికి దింపారు. బుస్సుమని వచ్చిన గాలిలో పిన్ని పులిహోర ఇంగువ వాసన స్పష్టంగా తెలిసింది. మేమంతా చేతులు జోడించి ఆ వాసన భక్తిగా పీల్చుకున్నాం. తర్వాత ఆయన అదే గొట్టంలోంచి నూనె పోశారు. పొట్ట దిగింది. దూడ ఒకసారి ఒళ్ళు విదిల్చి, నా మెడలో పూలదండ తినడం మొదలుపెట్టింది. నాకు ఏడుపు, నవ్వు కలిసి వచ్చాయి.

"ఎంతివ్వమంటారండీ?" అని కళ్ళు మూసుకుని రుమాలు మూట మొత్తం చాపాను.

"అయిదు రూపాయలు. ఆసుపత్రి తెరిచిన రోజైతే అదీ అక్కర్లేదు. నెమ్మదిగా నడిపించుకుపోండి," అన్నారాయన. రిక్షావాడు ఎనిమిది తీసుకున్నాడు. దేవుడి దూడని మోసినందుకు తగ్గించానని కూడా చెప్పాడు. మొత్తానికి నా గడియారం నాకు దక్కింది.

మరుసటి ఆదివారం దూడని కొండ దగ్గర అప్పజెప్పాం. పలుపు గుడివాళ్ళ చేతిలో పెట్టగానే దూడ వెనక్కి తిరిగి, తిన్నగా బావ దగ్గరికి వచ్చి, ఆయన చొక్కా జేబులో మూతి దూర్చింది. మేమంతా చూస్తుండగానే బిస్కెట్ల పొట్లం బయటికి లాగింది. బావ పక్కకి తిరిగిపోయాడు. "నాను టీ తాగినప్పుడు... ఒక్కటేరా," అన్నాడు నాతో. ఆయన కళ్ళనిండా నీళ్ళు. అక్క తిట్టబోయి, ఆ నీళ్ళు చూసి తన కొంగు ఆయన చేతికిచ్చింది.

ఇప్పుడు మధురవాడలో మా అమ్మాయి ఇంట్లో కుక్క ఉంది. మొన్న దానికి కడుపు బాగోలేదని ఏసీ క్లినిక్‌కి తీసుకెళ్ళాం. అక్కడి ఫీజు విని, ఆ డబ్బుతో అప్పట్లో ఎన్ని దూడలొచ్చేవోనని లెక్కేస్తూ కూర్చున్నాను. డాక్టరమ్మ ఏం పెట్టారని అడిగింది. "మేమేం పెట్టలేదండీ. నాన్నగారు ఎవర్నీ పెట్టనివ్వరు, ఊరుకోరు," అంది మా అమ్మాయి. బల్ల మీద పడుకున్న కుక్క నెమ్మదిగా తల ఎత్తి, మెడ చాపి, నా జేబు వాసన చూసింది. ఆ క్షణంలో, ఇప్పుడు లేని మా బావ మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. జేబుకి చెయ్యి అడ్డం పెట్టుకుని పక్కకి తిరిగిపోయాను.