లోపలి ఆత్మ

ముంబై కామాటిపురలోని చాల్‌కు, ఆ వరస గదుల ఇంటికి, కోడలిగా వచ్చిన నాటి నుంచీ రాజవ్వ ఓటు వేస్తూనే ఉంది. ఎవరికి వేయాలో మాత్రం పెనిమిటి జోజయ్య చెప్పేవాడు. "పైనుంచి రెండోది" అంటే రెండోది, అంతే. మొన్న ఎండాకాలంలో ఆయన కన్నుమూశాడు. నవంబరులో ఎన్నికలొచ్చాయి.

అది చనిపోయినవారి ఆత్మల కోసం ప్రార్థించే నెల. ఆదివారం పూజలో ఫాదర్‌గారు హిందీలో చెప్పారు: "ఎవరికి వేయాలో చర్చి చెప్పదు. అంతరాత్మ మాట వినండి." రాజవ్వ చెవికి అది "అందర్ కీ ఆత్మ" అని వినబడింది. లోపలి ఆత్మ. తన ఒంటిగది ఖోలీ లోపల ఎవరి ఆత్మ ఉంటుందో ఆమెకు తెలియనిదా!

మర్నాడు జపమాల ముగించి, మంచం మీద ఆయనకు చోటు వదిలి కూర్చుంది.

"ఎవరికెయ్యాలె? ఫాదర్ నిన్నే అడగమన్నడు. తప్పేస్తే పాపం తాకుతదేమో, చెప్పు జర."

పలుకు లేదు. ఇంతలో పక్క ఖోలీ శాంతాబాయి చాయ్ తెచ్చింది. ఒంటరిదని రోజూ తెస్తుంది ఆ తల్లి. ఇవాళ రెండు కప్పులున్నాయి.

"రెండెందుకే అక్కా?"

"లోపట మొగాయన దగ్గుతుండె గద. చుట్టమొచ్చిండనుకున్న."

రాజవ్వ ఒక కప్పు తాను తీసుకుంది. రెండో కప్పు మంచం పక్కన పెట్టింది. పొద్దువాలినా చాయ్ తగ్గలేదు. మీగడ మాత్రం ఎవరో ఊదినట్టు ఒక పక్కకు ముడుచుకుని ఉంది.

భయపడి ఫాదర్ దగ్గరికి పోయింది. "ఆయన దగ్గుతుండు గని చెప్తలేడు ఫాదర్."

సంగతి విని ఫాదర్ నవ్వలేదు. కుర్చీ జరిపి కూర్చోబెట్టారు. "అంతరాత్మంటే పోయినవాళ్లు కాదమ్మా. నీ మనసు."

"అయితే మీరే చెప్పుండ్రి. మీరు చెప్తే దేవుడు చెప్పినట్టే."

"చెప్పను. అది దేవుడు నీకిచ్చిన పని. నీ మనసునే అడుగు."

"దాన్నెవరడిగిండ్రు ఇన్నేండ్లు!"

ఇంటికి నడుస్తూ అడిగింది, కొత్త మనిషిని పలకరించినట్టు బిడియంగా. మనసు పలికింది. వానలకు మోరీ పొంగినప్పుడు చీర ఎగజెక్కి, ముసలివాళ్లను చేయిపట్టి దాటించిన ఆవిడ ఈసారి పోటీలో ఉంది. గుర్తు కుట్టుమిషను.

ఓటు రోజున యంత్రం పెట్టిన అట్ట చాటుకు పోగానే చెవి వెనక దగ్గు వినబడింది. బీడీ వాసన వచ్చింది. ఆ వెంటే, ఇన్నాళ్లూ పలకని గొంతు:

"నాలుగోది నొక్కు."

చేయి దానంతట అదే లేచి నాలుగోదాని మీదికి పోయింది. రాజవ్వ రెండో చేత్తో ఆ మణికట్టును పట్టుకుని కిందికి లాగింది.

"నువ్వు ఊకో జర. ఎవరికెయ్యాల్నో నేను అనుకున్న."

కుట్టుమిషను పక్కన నొక్కింది. యంత్రం కూసింది. మెడకు తగులుతున్న ఊపిరి ఆగిపోయింది.

"ఆజీ, ఎవరితో మాటలు?" బల్ల దగ్గరి అధికారి అవ్వను మరాఠీలో గద్దించాడు. "అక్కడ ఒక్కరే ఉండాలి."

"ఒక్కదాన్నే ఉన్న బిడ్డా," అంది రాజవ్వ.