లారీ ఎక్కి వచ్చిన మేనమామ

ఆ రోజుల్లో నాకు తెలివి తక్కువేమీ కాదు గానీ, రెండింటిలో ఒకటి ఎంచుకోమంటే మాత్రం బుర్ర తిరిగిపోయేది. అలాంటివాణ్ణి, కొత్తగా ఉద్యోగం వచ్చిన ఊపులో హన్మకొండలో ఒక పాత కారు కొన్నాను. దారిలో ఆగిపోతే వచ్చి ఆదుకునే సర్వీసు ఒకటి తీసుకొమ్మని ఆఫీసులో అందరూ పోరు పెట్టారు. తీరా చూస్తే సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని ప్లాన్లు. ఒకదాంట్లో పంక్చరు వేస్తారు, పెట్రోలు పోయరు. ఇంకోదాంట్లో పెట్రోలు పోస్తారు, తాళంచెవి లోపల మరిచిపోతే తలుపు తీయరు. (అన్నీ ఒకేసారి జరిగితే ఎవరిని పిలవాలో ఎవరూ చెప్పలేదు.) ప్లాటినంలో హోటల్ గది కూడా ఉందని మురిసిపోతే, "గీ పక్కకు కేసముద్రంల అక్కింటికి పొయ్యేటోనికి హోటలెందుకురా?" అన్నాడు మా బాపు. ఏదీ తేల్చుకోలేక, రేపు చూద్దాంలే అని ఊరుకున్నాను.

అంతలో కేసముద్రంలో అక్క కొడుకు పుట్టువెంట్రుకలు తీసే రోజు వచ్చింది. పిల్లవాణ్ణి ఒళ్ళో కూర్చోబెట్టుకుని మొదటి కత్తెర వేయాల్సింది మేనమామే. అక్కకు నేనొక్కణ్ణే తమ్ముణ్ణి. సారె బట్టలు సర్దుకుని, కారుకు బంతిపూల దండ కట్టి దర్జాగా బయలుదేరాను. నెక్కొండ దాటగానే కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. అప్పుడే అక్క ఫోను. "ఎక్కడున్నవ్‌రా? ముహూర్తం దాటిపోతాందని అయ్యగారు ఒకటే లొల్లి. నువ్వు రాకపోతే నాకు పుట్టింటోళ్ళు లేనట్టే గదరా!" (ఆటో ఎక్కి పోవచ్చు కదా అంటారేమో, ఆ బుద్ధి నాకు మర్నాడు పుట్టింది.) ఫోనులో దొరికిన మొదటి సర్వీసుకు కలిపాను.

"మీకు ఏ ప్లాన్ కావాలి సార్?" అంది అవతలి అమ్మాయి.

"నాకేం సమజైతలేదమ్మా. జర మీరే ఒకటి చూసి పెట్టరాదు?"

"మీ అవసరం ఏంటో చెప్పండి సార్."

"మేనల్లుని ఎంటికలు తియ్యాలె."

"సార్, ఇది కార్ల సర్వీసు సార్."

చివరికి ఏ ప్లాను తీసుకున్నానో నాకిప్పటికీ తెలియదు. లారీ మాత్రం వచ్చింది. కారును పైకెక్కించి, "మెకానిక్ కాడికేనా అన్నా?" అన్నాడు డ్రైవరు. "కాదన్నా, మా అక్క ఇంటికి" అన్నాను.

పూలదండ వేసుకున్న కారు లారీ మీద ఊరేగుతూ వాడలోకి వచ్చేసరికి, మేనమామ సారె కింద కారు తెచ్చాడని గుప్పుమంది. డప్పులవాళ్ళు ఎదురొచ్చారు. బావ పరుగున వచ్చి కౌగిలించుకున్నాడు (అంతకు ముందెప్పుడూ లేదు, ఆ తర్వాతా లేదు). "ఖరాబైంది బావా, అది నాదే" అన్నాను మెల్లగా. ఆయన చేతులు వాటంతట అవే జారాయి. అక్క మాత్రం, "కారు గీరు ఎవనిక్కావాలెరా, నువ్వొచ్చినవ్, గంతే సాలు" అని కళ్ళు తుడుచుకుని పిల్లవాణ్ణి నా ఒళ్ళో పెట్టింది. కత్తెర వేస్తుంటే వాడూ ఏడ్చాడు, నేనూ ఏడ్చాను.

ఇప్పుడు మంచి కారే ఉంది, ఎక్కడా ఆగదు. ఏ శుభకార్యానికైనా వేళకు చేరి, అక్షింతలు వేసి, భోంచేసి వస్తాను. నేను వెళ్ళకపోయినా అక్కడ ఏదీ ఆగదు. లారీ దిగిన ఆ వెర్రివాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడి కోసం మాత్రం ఒక ఇల్లంతా ముహూర్తం ఆపుకుని కూర్చుంది.