సీటు రాలేదని చెప్పాను

టీచరమ్మ దగ్గర చదువుకున్న బిడ్డలందరికీ. అందరూ ఎలా ఉన్నారు? గుంటూరులో ఉన్నవాళ్ళకి జ్వరాలు తగ్గాయా? హైదరాబాదులో బండ్ల మీద తిరిగేవాళ్ళు హెల్మెట్ పెట్టుకుంటున్నారా? మీ అమ్మానాన్నలకి షుగరూ బీపీ చూపిస్తున్నారా? చంటిపిల్లలున్న వాళ్ళు నీళ్ళు కాచి తాగించండి, మా నరసరావుపేటలో ఈ మధ్య వాంతులూ విరేచనాలూ ఎక్కువగా ఉన్నాయి. సారు, అంటే టీచరమ్మ భర్త, అన్నం తింటున్నారు గానీ సగం కంచంలోనే వదిలేస్తున్నారు. మా రెండిళ్ళ మధ్య గోడ మీంచి చూస్తూనే ఉన్నాను. నాకు మోకాళ్ళ నొప్పులు, గుండెదడ. అవి ఎప్పుడూ ఉండేవే.

టీచరమ్మ పోయి ఇరవై రోజులైంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయింది. గుండె ఆగిందన్నారు. ఆమె మీద పుస్తకం వేస్తున్నాం, పక్కింటివారు కాబట్టి మీరూ నాలుగు మాటలు రాయండి అని మీవాళ్ళు వచ్చి అడిగారు. నేను ఐదో తరగతి దాకా చదివిన మనిషిని. అక్షరాలు తప్పితే దిద్దుకోండి. మాట మాత్రం మార్చవద్దు.

ముందే చెబుతున్నాను, మా ఇద్దరికీ పడేది కాదు. ఆమె నోరు మంచిది కాదు. నాదీ కాదు. మా మనవరాలు పదో తరగతి సైన్సు తప్పినప్పుడు కూరగాయల బండి దగ్గర, నలుగురిలో అంది: "వదినా, మీ పిల్ల కప్ప గుండెకి నాలుగు గదులని రాసింది. ఏం పెట్టి పెంచుతున్నావమ్మా దాన్ని?"

నాకు ఒళ్ళు మండింది. "కప్ప గుండెకి ఎన్ని గదులుంటే మాకేంది? మేమేమన్నా అద్దెకు దిగుతున్నామా?" అన్నాను.

బండివాడు కూడా నవ్వాడు. ఆమె నవ్వలేదు. రెండేళ్ళు మా ఇళ్ళ మధ్య మాటల్లేవు.

పిల్ల సప్లిమెంటరీలో పాసై, ఇంటర్లో బైపీసీలో చేరి, మొదటి ఏడాది ఫిజిక్స్ కూడా తప్పింది. దాన్నీ ఎలాగో గట్టెక్కించింది. అప్పుడు చెప్పింది, నీట్ రాస్తానని, డాక్టరవుతానని. నాకు చెమటలు పట్టాయి. పట్నం హాస్టలుకి పంపుదామని మా అబ్బాయి అంటే నేను అన్నం మానేశాను. ఆ హాస్టళ్ళలో పిల్లలు ఏమైపోతున్నారో పేపర్లో చూడటం లేదా? మెట్ల మీద జారిపడితే ఎవరు చూస్తారు? పంపేది లేదన్నాను.

గోడ అవతల్నించి వినిపించింది. "డాక్టరా? ఇదా? దీని చేతిలో పడ్డవాళ్ళ గతేంగాను!"

రెండేళ్ళ తర్వాత ఆమె మా ఇంటివైపు తిరిగి అన్న మొదటి మాట అది. మర్నాడు పొద్దున్నే రెండో మాట: "ఏమే పిల్లా, ఐదున్నరకి రా. ఒక్క నిమిషం ఆలస్యమైతే గేటు తీయను."

నిజంగానే రెండుసార్లు తీయలేదు. వానలో నిలబెట్టింది. జలుబు చేస్తుందని నేను అరిస్తే, "జలుబుకి భయపడేదానికి డాక్టరు చదువెందుకు వదినా?" అంది.

ఆమె చదువు చెప్పే పద్ధతి మీకు తెలుసో లేదో. పొద్దున చెప్పిన పాఠం సాయంత్రం మా పిల్ల నాకు చెప్పాలి. నేను మిరపకాయల తొడిమలు తీస్తూ వినాలి. నాకు అర్థం కాని చోటల్లా "ఎందుకు?" అని అడగాలి. ఆమె గోడ అవతల కుర్చీ వేసుకుని వినేది. నాకది ఎంత అవమానమో! చదువు రానిదాన్నని కదా నన్ను పెట్టుకుంది. పైకే చెప్పింది కూడా: "నీకర్థమైతే ఎవరికైనా అర్థమైనట్టే వదినా."

ఒకసారి ఊపిరితిత్తుల పాఠం చెబుతూ పిల్ల తడబడి, ఇంగ్లీషు మాటలు నాలుగు గబగబా అనేసింది. నేను పోనీలే అని తలూపాను. గోడ మీంచి తల లేచింది.

"ఏంది తలూపుతున్నావు? అర్థమైందా నీకు?"

"కాలేదు."

"మరి అడగవేం? రేపు నీ నోట్లో మందు పోసేది అదే. ఏమే, రానిదాన్ని రాదని చెప్పడం ముందు నేర్చుకో. అది రానివాళ్ళే జనాన్ని చంపుతారు."

పిల్ల ఏడ్చింది. నేను రెండు రోజులు గోడవైపు చూడలేదు. కానీ ఊపిరితిత్తులు ఎలా పనిచేస్తాయో ఇప్పుడు నిద్రలో అడిగినా చెబుతాను.

మొదటిసారి ర్యాంకు చెప్పుకునేది కాదు. రెండోసారి కొంచెం మేలు. మూడోసారి అంచు మీద ఉంది, సీటు వస్తుందో రాదో చెప్పలేమన్నారు. ఈ మూడేళ్ళలో టీచరమ్మ దాన్ని ఒక్కసారి కూడా బాగా చదివావని అనలేదు. మాకు ఒక్క పండగపూట కూడా ప్రశాంతత లేదు.

ఆ మంగళవారం మధ్యాహ్నం లిస్టు వచ్చింది. సీటు వచ్చింది. గవర్నమెంటు సీటు. శుక్రవారం కాలేజీకి వెళ్ళి సర్టిఫికెట్లు ఇచ్చి చేరాలి.

నాకు సంతోషం కన్నా ముందు భయం పుట్టింది. మా అన్న కొడుకు సర్పంచి నామినేషను వేయకముందే వీధంతా ఫ్లెక్సీలు కట్టించి, ఓడిపోయి, మంచం పట్టాడు. అప్పటినుంచి చేతికి అందేదాకా ఏ మంచిమాటనూ నేను గడప దాటనివ్వను. జనం కళ్ళు మంచివి కావు. చేరేదాకా ఎవరికీ చెప్పొద్దని పిల్ల చేత నా తల మీద ఒట్టు వేయించుకున్నాను. "టీచర్‌కి మాత్రం చెబుతా నాయనమ్మా," అని బతిమాలింది. "ఆమెకి చెబితే మైకులో చెప్పినట్టే. ఒట్టంటే ఒట్టే," అన్నాను.

సాయంత్రం గోడ దగ్గరికి వచ్చింది.

"వదినా, లిస్టు వచ్చిందంట గదా. ఏమైంది?"

"రాలేదు."

"రాలేదా? ఆప్షన్లు ఎట్టా పెట్టారు? ఫోను ఇటు ఇయ్యి, నేను చూస్తా."

చూస్తే దొరికిపోతాను. ఆమెను గోడ దగ్గర్నుంచి పంపించాలి. నోటికి ఏదొస్తే అది అన్నాను. "చూసి ఏం చేస్తావు? నువ్వు చెప్పిన చదువు అంతే మరి. బళ్ళో కప్పలు కోసుకునే టీచరుకి డాక్టరు సీట్లు తేవడం చేతనవుద్దా? పట్నంలో చేర్పించి ఉంటే ఎప్పుడో వచ్చేది. మూడేళ్ళు పిల్ల బతుకు పాడుచేశావు."

వీధిలో ఇద్దరు ముగ్గురు విన్నారు. పట్నం పంపనన్నది నేనే. ఆ మాట ఆమెకి తెలుసు. అదే నా మొహాన కొట్టొచ్చు. కొట్టలేదు. గోడ మీదున్న చెయ్యి తీసేసి లోపలికి వెళ్ళింది. ఇన్నేళ్ళలో ఆమె నాకు జవాబు చెప్పకపోవడం అదే మొదలు.

మూడు రోజులే కదా, శుక్రవారం సాయంత్రం స్వీటు తీసుకుని వెళ్ళి కాళ్ళు పట్టుకుందామనుకున్నాను. శుక్రవారం పొద్దున పిల్లా, మా అబ్బాయీ కాలేజీకి బయల్దేరిన గంటకి సారు కేక వేశారు.

పిల్ల తిరిగొచ్చి నేరుగా ఆ ఇంటికే వెళ్ళింది. తర్వాత నా దగ్గరికొచ్చి, "టీచర్‌కి చెప్పావా?" అంది. లేదన్నాను. "అయితే సారుకి నువ్వే చెప్పాలి. నువ్వన్న మాట నువ్వే వెనక్కి తీసుకో." ఆ తర్వాత నాతో మాట్లాడలేదు. కాలేజీ హాస్టలుకి వెళ్ళిపోయింది. వీధిలోవాళ్ళకి మాచర్లలో అమ్మమ్మ దగ్గర ఉందని చెబుతూ వచ్చాను. మొదట భయంతో దాచాను, తర్వాత సిగ్గుతో దాచాను.

నిన్న సారు గేటు దగ్గరికి వచ్చారు. చేతిలో చిన్న కాగితం, దాని మీద టీచరమ్మ రాతలో గుంటూరు అడ్రసు.

"అక్కయ్యా, మీ మాట విని ఆవిడ ఆ రాత్రంతా ఫిజిక్స్ పుస్తకాలు తిరగేసింది. బుధవారం పొద్దున్నే బస్సెక్కి గుంటూరు పోయింది. ఫిజిక్స్ బాగా చెప్పే మాస్టారు ఉన్నాడంట. పిల్లలో లోపం లేదు, నాకు రాకపోవడం వల్లే సీటు పోయింది, మీరు చెప్పండయ్యా అని అడిగొచ్చింది. కొత్త బ్యాచి వచ్చే గురువారం మొదలంట. పాపని మాచర్ల నుంచి పిలిపించండి. నేను తీసుకెళ్తా."

రానిదాన్ని రాదని చెప్పొచ్చింది, రాని మనిషి కాకపోయినా. ఆ ఉక్కలో, ఆ కిక్కిరిసిన బస్సులో. గుండెకి అదే ఎక్కువైందేమోనని నిన్నటినుంచి నాకు కునుకు లేదు. ఎవరిని అడగాలో తెలియదు. అప్పుడు నా నోటికి "సరే సారూ" అన్న మాట ఒక్కటే వచ్చింది.

లోపలికి వచ్చి పిల్లకి ఫోను చేశాను. ఇరవై రోజుల తర్వాత ఎత్తింది. అంతా చెప్పాను.

"సరే అన్నావా నాయనమ్మా?"

"అన్నాను."

"సెలవు పెట్టి వస్తా. సారు దగ్గరికి ఇద్దరం కలిసి పోదాం. మాట్లాడేది నువ్వే."

కాబట్టి బిడ్డలారా, వీధిలో నేను అన్నది అబద్ధం. సీటు వచ్చింది. తెచ్చింది టీచరమ్మే. నా మీద కోపం వస్తే రానివ్వండి, ఆమె మీద మాత్రం ఆ మాట నిలవనివ్వకండి. గురువారం ఎనిమిదింటికల్లా సారు ఉతికిన చొక్కా వేసుకుని, గొడుగు పట్టుకుని గుంటూరు బస్సుకి సిద్ధంగా ఉంటారు. మేము ఏడున్నరకి ఆ గేటు తీస్తాము.