బాపు ర్యామ్‌కు ఆకురాయి పెట్టిన రోజు

మొన్న కరీంనగర్‌లో నా ల్యాప్‌టాప్ విప్పిన దుకాణదారు, దీనికి మెమరీ పెంచే గాడే లేదని, అంతా లోపల అతికించే ఇస్తున్నారని, మనిషి పోయిన ఇంట్లో మాట్లాడినంత మెల్లగా చెప్పి మూత బిగించాడు. నాకు మాత్రం మా చెల్లె ఇంజనీరింగు సీటు గుర్తొచ్చింది.

అప్పుడు గోదావరి పక్క బొగ్గుగని క్వార్టర్లలో ఉండేవాళ్లం. కంప్యూటర్లో కాలేజీలు ఎంచుకోవడానికి ఆ సాయంత్రం ఐదింటి వరకే గడువు. ఊళ్లోని ఒక్క నెట్ సెంటర్ ముందు వరుస పెద్దపల్లి దాకా సాగింది. మా ఇంటి కంప్యూటరేమో, వయసులో గనికంటే ఒక్క ఏడాదే చిన్నది, పేజీ సగం తెరిచి ఆవలించి ఆగిపోయేది. మెమరీ పెంచితే లేస్తుందని నేను పొద్దున్నే కరీంనగర్ పోయి ర్యామ్ తెస్తే, దాని నడుమ ఉండే గాటు మా గాడిలోని అడ్డుకు వెంట్రుకవాసి పక్కన ఉంది.

మా బాపు గని వర్క్‌షాపులో ఫిట్టర్. అక్కడికి ముప్పై ఏళ్లలో సరిగ్గా సరిపోయే విడిభాగం ఒక్కటీ రాలేదట. వచ్చినదాన్ని అరగదీసి కూర్చోబెట్టడమే పని. ఆయన ఆకురాయి తీశాడు.

"బాపూ, గది బోల్టు కాదే," అంది చెల్లె.

"ఏదైతేంది బిడ్డా, జర రుద్దితే కూసుంటది."

కూర్చుంది కూడా. మీట నొక్కితే కంప్యూటర్ బొగ్గుబండిలా కూతలు పెట్టిందే తప్ప తెర వెలగలేదు. మూడు దాటింది. చెల్లె ర్యాంకు కార్డు పట్టుకుని ఏడవకుండా కూర్చుంది. అది చూస్తేనే మాకు ఎక్కువ భయమేసింది.

బాపు పాత ర్యామ్ ఊడదీసి, తన వెర్నియర్ కొలతపరికరం తీసుకుని, బజారులో రేడియోలు బాగుచేసే చాచా దగ్గరికి నడిచాడు. వెనకాల నేను.

"ఆఫీసు కంప్యూటర్ల తుక్కంతా గా సంచిల ఉన్నది భాయ్, ఏది నీదో అల్లాకెరుక," అన్నాడు చాచా.

బాపు నేలమీద కూర్చుని, ఒక్కో ర్యామ్ అంచు నుంచి గాటు దాకా కొలుస్తూ, పాతదానితో పోలుస్తూ పదింటిని పక్కన పెట్టాడు. పదకొండోది సరిపోయింది. ఇంటికి పరుగెత్తి, రుద్దినదాన్ని తీసేసి దీన్ని బిగిస్తే తెర వెలిగింది. చెల్లె చివరి కాలేజీ ఎంచుకునేసరికి గడువు ఆరు నిమిషాలే మిగిలింది.

"ముందుగాలనే కొలవాల్సింది, తప్పైంది బిడ్డా," అన్నాడు బాపు. ఆ మాట ఆయన నోట అంతకుముందు వినలేదు, ఆ తర్వాతా వినలేదు.

చెల్లెకు సీటొచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. ఇప్పుడు వెర్నియర్ మీది గీతలు బాపు కంటికి ఆనవు. నా కంటికి ఆనుతాయి గానీ, కొలిచి బిగించవలసిన వస్తువంటూ మా ఇంట్లో ఒక్కటీ లేదు.