నల్ల కుక్కకు చల్లటి గది

ఎండలు ముదిరాయని మొన్న కూలరు దించి పాత గడ్డి ఊడదీస్తుంటే, దానిలో పొడుగాటి నల్ల వెంట్రుకలు చిక్కుకుని కనిపించాయి. మా ఇంట్లో అంత నల్ల జుట్టు ఎవరికీ మిగల్లేదు. అవి సిరిసిల్ల నుంచి కోరుట్లకు, మా ఇంటికి వచ్చిన కుక్కవి.

సిరిసిల్లలో మా అక్కావాళ్లకు బట్ట నేసే సాంచాలున్నాయి. గిరాకీ పడిపోయిన ఏడాది, ఏలినాటి శని పట్టిందనీ నల్ల కుక్కకు రోజూ అన్నం పెడితే నెమ్మదిస్తుందనీ ఒక జ్యోతిష్యుడు మా బావకు చెప్పాడు. శని మీద బావా నేనూ వాదించుకోవడం అక్క పెళ్లయినప్పటి నుంచీ ఉన్నదే. ఆ రోజు మాత్రం ఓపిక లేక, మీ గల్లీలోనే నల్ల కుక్కలున్నాయి కదా, వాటికే పెట్టమన్నాను. బావ నావైపు జాలిగా చూశాడు. "వాడకట్టు కుక్కకు పెడితే ఫలితం వాడకట్టుకంత పోతది బామ్మర్ది. నాది నాకే ఉండాలె."

ఆగిపోయిన సాంచాలు తుక్కు కింద అమ్మగా వచ్చినదానికి అక్క మెడలోని బంగారు గొలుసు తోడై, బెంగళూరు నుంచి నల్లటి టిబెటన్ మాస్టిఫ్ కుక్కపిల్ల దిగింది. మంచుకొండల్లో మందలు కాసే జాతి. పుట్టుకతోనే గొంగడి కప్పుకున్నట్టుండేది. దానికోసం పడకగదిలో ఏసీ పెట్టించి అక్కా బావా వరండాలో పడుకున్నారు. రోజూ కోడిమాంసం, డబ్బా మేత, మాటిమాటికీ పశువుల డాక్టరు. కొన్నది ఒక్కసారే గాని, దాన్ని రోజూ మళ్లీ కొంటున్నట్టే ఉండేది. ఎండాకాలం రాకముందే లోపలి ఉన్నిని దువ్వి తీసేయమన్నాడు డాక్టరు. నల్ల వెంట్రుక ఒక్కటి కూడా తీయొద్దన్నాడు జ్యోతిష్యుడు. బావ జ్యోతిష్యుడి మాటే విన్నాడు. కరెంటు బిల్లు కట్టలేక ఏసీ ఆపిన వారానికి కుక్క మేత ముట్టడం మానేసింది.

నేను వెళ్లి పొద్దున మొదలుపెట్టి అన్నం వేళదాకా వాదించాను. గ్రహాలు, దూరాలు, ఉన్ని, ఎండ, ఏదీ వదల్లేదు. బావ చివరికి తల వంచుకున్నాడు. అక్క వంటింట్లోంచి వచ్చి కుక్క మెడతాడు నా చేతిలో పెట్టింది.

"నువ్వే గెలిచినవ్ తమ్మీ. ఇగ దీన్ని తోల్కపో."

బండి ఎక్కిస్తుంటే, అన్నం పెట్టేటప్పుడు తన పేరు తలుచుకొమ్మని బావ మెల్లగా అడిగాడు. నేను బండి తలుపు వేశాను.

కోరుట్లలో ఉన్ని దువ్వాను, కూలరు దాని ముందు పెట్టాను, తడిగుడ్డలు పరిచాను. నా పింఛను దాని గిన్నెలోకే పోయింది. అది మళ్లీ తిన్నది, తోక ఊపింది. మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం మాత్రం లేవలేదు. బావ వచ్చి దాని పక్కన కూర్చున్నాడు. వీపు మీద చెయ్యి తీయకుండానే అడిగాడు.

"నా పేరు మీదనే పెట్టినవా?"

"పెట్టిన బావా," అన్నాను. ఒక్కరోజు కూడా తలుచుకున్నది లేదు.

ఏలినాటి శని ఏడున్నరేళ్లు ఉంటుందట. బావ లెక్కలో అది ఇంకా నడుస్తూనే ఉంది. మధ్యలో ఆ కుక్క కాలం మాత్రం రెండు ఎండాకాలాల్లోనే తీరిపోయింది.